నాలుగో పేజీలో పంతొమ్మిదో అంశం

ఆదివారం పొద్దున పదింటికి, రిసార్టు కౌంటరు ముందు, తనవాళ్లందరూ చూస్తుండగా అంత మాట పడాల్సి వస్తుందని లవోన్ కుజావా కలలో కూడా అనుకోలేదు.

అంతకుముందు రాత్రి అంతా ఎంత సంబరంగా జరిగింది! మిల్లు మూతపడి ఐదేళ్లు దాటాక, కాగితం కోసి కట్టలు కట్టే విభాగంలో పనిచేసిన ఆడవాళ్లంతా మళ్లీ ఒకచోట చేరారు. ఇరవై రెండు గదులు. ఎవరి మొగుడు పోయాడు, ఎవరికి మోకాళ్లు మార్చారు, ఎవరి మనవరాలు మిల్వాకీలో నర్సయింది, ఒకటే కబుర్లు. పోల్కా డాన్సు పాట వాయిస్తుంటే ఆక్సిజన్ సిలిండరు చక్రాల బండిని పక్కన పెట్టుకుని ఫెర్న్ కూడా కుర్చీలోంచే కాళ్లాడించింది. వేయించిన జున్నుముక్కల పళ్లెం ముందు కూచుని జెరాల్డిన్, "లవోన్ లేకపోతే మనల్నెవరు కలిపేవాళ్లే?" అని బ్రాందీ గ్లాసెత్తి అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

తెల్లారాక అదే జెరాల్డిన్ కౌంటరు దగ్గర బిల్లు కళ్లకానించుకుని చదివింది.

"ఏమే లవోన్, ఈ ఎనభై ఎనిమిదేంటి?"

"ఏ ఎనభై ఎనిమిది?"

"ఇదిగో చూడు. రోజుకి నలభై నాలుగు డాలర్లు, రెండు రోజులు. రిసార్టు ఫీజట. నువ్వు తొంభై ఎనిమిదన్నావు గదా రాత్రికి?"

లవోన్ బిల్లు లాక్కుని చూసింది. తొంభై ఎనిమిది సరిగ్గానే ఉంది. పన్నూ సరిగ్గానే ఉంది. వాటి కింద ఈ కొత్త వరస.

"ఏదో పొరపాటు జరిగింది" అంది కౌంటర్లో ఉన్నావిడతో.

"పొరపాటేం కాదండీ" అందావిడ, రోజుకి వందసార్లు చెప్పే మాట మళ్లీ చెబుతున్నట్టు. "నీళ్ల పార్కు, ఇంటర్నెట్టు, ఈత కొలను దగ్గర తువ్వాళ్లు, వ్యాయామాల గది, అన్నీ అందులోకే వస్తాయి."

"నా మోకాళ్లు రెండూ ఇనుమే తల్లీ" అంది జెరాల్డిన్. "నేను నీ జారుడుబల్ల ఎక్కి జారానా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"వాడినా వాడకపోయినా కట్టాలండీ. తప్పనిసరి."

"తప్పనిసరైతే అది అద్దే గదా! అద్దెలోనే చెప్పాలి" అంది ఆర్డిస్. ఆర్డిస్, లవోన్ ఒకే బల్ల దగ్గర ఇరవై ఏళ్లు కట్టలు కట్టారు.

"కోరీన్ని పిలవండి" అంది లవోన్. "కోరీన్ వస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది."

లవోన్‌కి ఆ ధీమా ఉంది. మిల్లులో పదకొండేళ్లు ఆ విభాగానికి యూనియన్ మనిషి ఆవిడే. యాజమాన్యం ఏ కాగితం తెచ్చినా మధ్యాహ్నం తిండి దగ్గర పైకి చదివి, ప్రతి ముక్కకీ అర్థం చెప్పి, ఆ తర్వాతే సంతకం చెయ్యనిచ్చేది. లవోన్ చూసిందంటే ఇంకెవరూ చూసుకోనక్కర్లేదన్న పేరు తెచ్చుకుంది. అలాంటి మనిషి ఈ రిసార్టు కాంట్రాక్టు మాత్రం చదవలేదు. పంపింది కోరీన్ కాబట్టి చదవలేదు.

కోరీన్ వాళ్ల మిల్లులోనే పనిచేసిన బెర్నీస్ కూతురు. బెర్నీస్‌కి మధ్యాహ్నం షిఫ్టు పడ్డ రోజుల్లో బడి నుంచి ఆ పిల్ల తిన్నగా లవోన్ ఇంటికే వచ్చేది. జున్ను పెట్టి కాల్చిన రొట్టె, టమాటా సూపు. ఆరో తరగతి వరకూ లెక్కలు నేర్పింది లవోనే. తొమ్మిదేళ్ల కిందట బెర్నీస్ క్యాన్సర్‌తో పోయినప్పుడు చర్చి మెట్ల మీద కూలబడిపోయిన కోరీన్ని లేపి నిలబెట్టింది కూడా లవోనే. ఇప్పుడా పిల్ల విహారయాత్రల ఊరైన డెల్స్‌లో ఈ రిసార్టుకి గుంపులుగా వచ్చేవాళ్ల గదులు చూసే ఉద్యోగంలో ఉంది.

ఎనిమిది నెలలు ప్రతి మంగళవారం ఫోన్ చేసింది. గదుల సంగతి రెండు నిమిషాలు, మిగతాదంతా వాళ్లమ్మ కబుర్లు. "అమ్మ చేసే క్యాబేజీ చుట్టల్లో ఏం వేసేది పిన్నీ? నాకెందుకో ఆ రుచి రావట్లేదు." లవోన్ చెప్పేది. చెబుతూ చెబుతూ ఇద్దరూ ఏడ్చిన మంగళవారాలు కూడా ఉన్నాయి. అలాంటి ఒక రోజే ధర మాట మళ్లీ వచ్చింది.

"మనవాళ్లకి తొంభై ఎనిమిది, పిన్నీ. పన్నొక్కటే వేరు."

"ఇంకేమీ లేదు గదా అమ్మా? ఇందులో సగం మందికి పింఛనే ఆధారం. నా నోటి మాట మీద వస్తున్నారు వాళ్లు."

"నీ దగ్గర దాస్తానా పిన్నీ నేను?"

ఆ మాట విన్నాక కాంట్రాక్టులో సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూసుకుని పెట్టేసింది.

కోరీన్ లిఫ్టులోంచి దిగి వచ్చింది. ముదురు నీలం కోటు, ఛాతీ మీద పేరున్న బిళ్ల. లవోన్ మొహంలోకి చూడకుండా ఆవిడ భుజం మీదుగా గుంపుని చూస్తూ, "కుజావా గారూ, చెప్పండి" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆవిణ్ణి ఎప్పుడూ అలా పిలవలేదు.

"ఈ ఫీజేంటో చూడమ్మా. నువ్వు చెప్పింది ఇది కాదు గదా."

"అది కాంట్రాక్టులో ఉందండీ. నాలుగో పేజీలో పంతొమ్మిదో అంశం. మీరు సంతకం చేశారు."

"నేను నిన్నడిగాను కోరీన్. ఇంకేమీ లేదు గదా అని అడిగాను."

"మేం అన్నీ రాతపూర్వకంగానే ఇస్తామండీ" అంది కోరీన్. మొహం నున్నగా, ఏ భావమూ లేకుండా ఉంది. ఒక్క చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు అబద్ధం చెబితే అలాగే ఎర్రబడేవి.

ఇంతలో కౌంటర్లో ఆవిడ, సర్దిచెబుదామనే కాబోలు, "ఇంత పెద్ద గుంపు తెచ్చారని ఒక గది అద్దె లేకుండా ఇచ్చాం గదండీ మీకు. దానికి కూడా ఫీజు మాత్రం కట్టాలి" అంది.

వెనక బిల్లులు చూసుకుంటున్నవాళ్లు తలలెత్తారు.

"ఊరికే ఇచ్చిన గదా?" అంది జెరాల్డిన్, ఒక్కో మాటా విడదీసి. "ఎవరికే? నీకా?"

ఆ గది ఫెర్న్‌ది. మందులకే పింఛనంతా పోతోంది, నేను రాలేనే అని వసంతంలో ఫెర్న్ ఫోన్లో చెబితే, నీకు గది ఖర్చు లేకుండా నేను చూస్తాను రమ్మంది లవోన్. ఎవరికీ చెప్పకే, పరువు పోతుంది అని బతిమాలింది ఫెర్న్. ఇప్పుడు నాలుగడుగుల దూరంలో సిలిండరు బండి పట్టుకుని నిలబడి ఉంది. లవోన్ ఆవిడ వైపు చూసింది. నోటితో అడగలేదు, చూసిందంతే. ఫెర్న్ తల వంచుకుని నేల మీద తివాచీ పువ్వుల్ని చూస్తూ ఉండిపోయింది.

"అదీ సంగతి" అంది జెరాల్డిన్. "యూనియన్ మనిషివి గదా. మా చేత ఫీజులు కట్టించి నువ్వు ఉచితంగా పడుకున్నావన్నమాట."

"నోరు ముయ్యవే జెరాల్డిన్" అంది ఆర్డిస్.

"నేనెందుకు ముయ్యాలే? దాన్ని చెప్పమను."

లవోన్ సంచిలోంచి తన కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. "అందరి ఫీజూ దీని మీద వెయ్యండి. ఇరవై రెండు గదులకీ."

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరు డాలర్లు. చెవి మిషన్ల కోసం రెండేళ్లుగా కూడబెడుతున్న డబ్బు అందులోనే ఉంది. వద్దులే అని ఒకరిద్దరు గొణిగారు గాని, ఎవరూ ముందుకొచ్చి ఆపలేదు. కోరీన్ అప్పటికే లిఫ్టు ఎక్కేసింది.

*

నెలరోజులు లవోన్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఎవరూ ఆవిడకీ చెయ్యలేదు, ఆర్డిస్ తప్ప. మొదట్లో లవోన్‌కి పోయిన డబ్బు మీద కన్నా తన మీదే కోపం. పదకొండేళ్లు అందరి కాగితాలూ చదివిన దాన్ని, నా కాగితం దగ్గరే గుడ్డిదాన్నయ్యాను అనుకునేది.

ఒకరోజు కాంట్రాక్టు బయటికి తీసి, వంటింటి బల్ల మీద పరిచి, మిల్లులో చదివినట్టే పైకి చదివింది. నాలుగో పేజీలో పంతొమ్మిదో అంశం, పార్కింగ్ నియమాలకీ పెంపుడు కుక్కల నియమాలకీ మధ్య ఇరుక్కుని ఉంది: "అప్పటికి అమల్లో ఉన్న రేటు ప్రకారం సౌకర్యాల రుసుము వర్తించును."

"నలభై నాలుగని ఎక్కడుందే?" అంది ఆర్డిస్. "అంకే లేదుగా!"

అప్పుడు ఇద్దరూ కలిసి లైబ్రరీకెళ్లారు. అక్కడ పనిచేసే ఆవిడ ఇంటర్నెట్టులో వెతికి పెట్టింది. మే నెల నుంచి దేశమంతటికీ ఒక కొత్త నియమం వచ్చింది. గది ధర ఎవరు ప్రకటించినా, తప్పనిసరిగా కట్టాల్సినవన్నీ కలిపిన మొత్తమే ముందుగా, అన్నిటికన్నా కొట్టొచ్చేలా చూపించాలి. ప్రభుత్వ పన్నులు మాత్రం వేరుగా చూపించొచ్చు. ఫీజు పెట్టుకోవచ్చు గాని దాచకూడదు. లవోన్ దాన్ని రెండుసార్లు చదివింది. తను గుడ్డిది కాదు, తనకి గంతలు కట్టారు.

రిసార్టుకి ఉత్తరం రాసింది. "మా విధానం ప్రకారం" అని మొదలయ్యే మూడు వాక్యాల జవాబొచ్చింది. రాష్ట్ర వినియోగదారుల రక్షణ విభాగానికి ఫిర్యాదు పంపింది. వాళ్లు రిసార్టుని వివరణ అడిగారు. రిసార్టు మళ్లీ అదే జవాబిచ్చింది. ఇక చిన్న దావాల కోర్టులో కేసు వేసింది. లాయరు అక్కర్లేదు, ఫారం నింపి రుసుం కడితే చాలు. కాంట్రాక్టు ఆవిడ పేరునే ఉంది, ఫీజు కట్టిందీ ఆవిడే, కాబట్టి ఇంకెవరి సంతకమూ అవసరం పడలేదు. అదీ ఒకందుకు నయమే. అడగడానికి ఆవిడకి మొహం చెల్లేది కాదు.

డిసెంబరులో విచారణ. మంచు గట్టిగా పడుతోంది. కోర్టున్న బరాబూ ఊరి దాకా ఆర్డిస్ కారు నడిపింది. కోర్టు గదిలో అవతలి బల్ల దగ్గర బూడిదరంగు సూటు వేసుకున్న రిసార్టు మేనేజరు, పక్కన కోరీన్. కోరీన్ వస్తుందని లవోన్ అనుకోలేదు. ఆ పిల్లని చూడగానే, ఇంతా జరిగాక కూడా, చిక్కిపోయిందే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

కేసు విన్నది కోర్టు కమిషనరు, జడ్జి తరఫున చిన్న కేసులు తేల్చే యాభై ఏళ్లావిడ. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని కాగితాలు తిప్పింది.

మేనేజరు లేచాడు. "మేడమ్, ఇది చాలా సులువైన కేసు. ఫీజు కాంట్రాక్టులో ఉంది. ఈమె చదువుకున్న మనిషి. యూనియన్లో పనిచేశారు. సంతకం చేశారు."

"కాంట్రాక్టులో ఫీజు ఎంతని ఉంది?"

"అప్పటికి అమల్లో ఉన్న రేటని..."

"అంకె అడుగుతున్నాను."

"అంకె... మా వెబ్‌సైట్లో ఉంటుందండీ."

కమిషనరు లవోన్ వైపు తిరిగింది. "మీ దగ్గరేముంది కుజావా గారూ?"

లవోన్ ఒక కాగితం తీసిచ్చింది. ఆ మార్చిలో, కాంట్రాక్టు కన్నా ముందు, మీ వాళ్లందరికీ పంపుకో పిన్నీ అని కోరీన్ తయారుచేసి ఇచ్చిన ఆహ్వానం. పైన రిసార్టు గుర్తు, జారుడుబల్లల బొమ్మ, మధ్యలో అరచేయంత అక్షరాలతో: రాత్రికి 98 డాలర్లు మాత్రమే! జూన్ దాకా లవోన్ దాన్నే నకళ్లు తీయించి అందరికీ పోస్టు చేసింది.

"ఇది మీరు తయారుచేసిందేనా?" అని కమిషనరు కోరీన్ని అడిగింది.

"అవునండీ."

"ఫీజు గురించి ఇందులో ఎక్కడైనా ఉందా?"

"లేదండీ."

"ఇంకేమీ ఉండదని ఈమెకి ఫోన్లో చెప్పారా?"

కోరీన్ మేనేజరు వైపు చూసింది. ఆయన ఎదురుగా ఉన్న గోడని చూస్తున్నాడు.

"నాకు గుర్తు లేదండీ."

లవోన్ కళ్లు మూసుకుంది. లేదు, చెప్పలేదు అని ఉంటే ఆ మాట కన్నా తేలిగ్గా ఉండేదేమో. ఎనిమిది నెలల మంగళవారాలు, క్యాబేజీ చుట్టలు, ఏడుపులు, అన్నిటినీ ఆ పిల్ల ఒక్క ముక్కతో తుడిచేసింది.

"నాకు గుర్తుంది" అంది లవోన్. గొంతు అనుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది. "ఏప్రిల్ నెల, ఈస్టరు తర్వాత వచ్చిన మొదటి మంగళవారం. నీ దగ్గర దాస్తానా పిన్నీ అంది. వాళ్లమ్మ పోయిన దగ్గర్నుంచి నేను దానికి..." అని, మిగతాది కోర్టుకి అక్కర్లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

కమిషనరు కాసేపు ఏదో రాసుకుని, కళ్లజోడు తీసి చెప్పింది. "దేశానికంతటికీ వచ్చిన ఆ నియమాన్ని అమలు చేసే పని నాది కాదు, దానికి వేరే సంస్థ ఉంది. అయితే తప్పుదారి పట్టించే ప్రకటన వల్ల నష్టపోయిన మనిషి ఆ నష్టాన్ని రాబట్టుకోవచ్చని మన రాష్ట్ర చట్టంలో ఎప్పట్నుంచో ఉంది. ఈ ఆహ్వానం ఒక ప్రకటన. దీన్ని చూసే ఇరవై రెండు గదులు నిండాయి. నాలుగో పేజీలో అంకె లేని ఒక వాక్యం పెట్టి మొదటి పేజీలో చెప్పిన ధరని మార్చుకోవడం కుదరదు. ఫీజు మొత్తం, కోర్టు ఖర్చులతో సహా, తిరిగివ్వండి."

ఆర్డిస్ లవోన్ మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. లవోన్‌కి సంతోషం కలగలేదు. అలసటొచ్చింది.

ఆర్డిస్ కారు మీద మంచు గీకడానికి ముందు వెళ్లింది. లవోన్ కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే వరండాలో వెనక నుంచి పిలుపు వినపడింది.

"పిన్నీ."

లవోన్ తిరిగి చూసింది. "చెప్పండి" అంది.

కోరీన్‌కి మొహం మీద కొట్టినట్టయింది. "అలా అనకు పిన్నీ. ఫీజు సంగతి మొదటి కాగితంలో రాయొద్దని పైవాళ్లే చెప్పారు. రాస్తే గుంపులన్నీ పక్క రిసార్టుకి పోతాయని. ఫోన్లో ఎవరైనా అడిగితే మాత్రం చెప్పమన్నారు."

"నేనడిగాను."

కోరీన్ చేతిలోని ఫైలు అటూ ఇటూ తిప్పింది.

"నూట నలభై రెండని చెప్పి ఉంటే సరిపోయేదిగా. నేను వాళ్లకి అదే చెప్పేదాన్ని. రాగలిగినవాళ్లు వచ్చేవాళ్లు."

"వచ్చేవాళ్లు కాదు. నీకూ తెలుసు. ఆ నెల ఇంకో ఇరవై గదులు చూపించకపోతే నన్ను తీసేసేవాళ్లు. నీకు చెబితే నువ్వు ఒప్పుకోవు. అందుకే..."

"ఉద్యోగం పోతుందని చెప్పాల్సింది. నేనే పది మందిని వెంటేసుకొచ్చేదాన్ని. నాకు నీ ఉద్యోగం ముఖ్యం కాదా?" అంది లవోన్. "ప్రతి మంగళవారం మీ అమ్మ ఊసెత్తావే. ఇప్పుడు కూచుని తలుచుకుంటే అందులో ఏది ప్రేమో ఏది బేరమో నాకు తెలియట్లేదు కోరీన్. నాకది తెలియకుండా చేశావు నువ్వు."

"అమ్మ సంగతి నిజంగానే అడిగాను పిన్నీ."

"అయ్యుండొచ్చు" అంది లవోన్. "గుర్తు లేదన్నావుగా. నాకెలా తెలుస్తుంది?"

బయటికొచ్చి కారెక్కింది.

*

జనవరిలో చెక్కు వచ్చింది. లవోన్ అందరికీ ఫోన్ చేసి ఆ మాటొక్కటే చెప్పింది. కొంతమంది మెచ్చుకున్నారు. కొంతమంది, మేమూ కేసు వెయ్యొచ్చా, పోయిన ఏడాది ఫ్లోరిడాలో మా దగ్గరా ఇలాగే లాగారు అని వివరాలడిగారు. వాళ్లకి ఫారాలెక్కడ దొరుకుతాయో ఓపిగ్గా చెప్పింది. జెరాల్డిన్ "మంచిదేలే" అని ఫోన్ పెట్టేసింది.

ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు జెరాల్డిన్ తలుపు తట్టింది. చేతిలో పోన్చ్‌కీల డబ్బా, లోపల జామ్ కూరి వేయించిన తీపి బూరెలు. బల్ల దగ్గర కూచుని ఆల్‌బుఖారా జామ్‌వి రెండు తింది. కాఫీ తాగింది. చర్చిలో కొత్త ఫాదర్ ప్రసంగం బాగోలేదంది. రోడ్ల మీద ఉప్పు సరిగ్గా చల్లట్లేదంది. లేచి కోటు తొడుక్కుని, తలుపు దగ్గర నిలబడి చెప్పింది.

"ఆ గది సంగతి ఫెర్న్ చెప్పింది."

"ఊఁ."

"నువ్వప్పుడే నోరు విప్పాల్సిందే."

"చెప్పనని దానికి మాటిచ్చాను."

"అయినా చెప్పాల్సిందే. నేనన్న మాటలు నేనెలా వెనక్కి తీసుకోవాలి ఇప్పుడు?" అంది జెరాల్డిన్, తప్పంతా లవోన్‌దే అన్నట్టు. మెట్లు దిగి వెళ్లిపోయింది. లవోన్‌కి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. డబ్బాలో మిగిలినవాటిని మూత పెట్టి లోపల పెట్టింది.

ఆ రిసార్టు వెబ్‌సైట్లో ఇప్పుడు గది నూట నలభై రెండనే చూపిస్తోందని ఆర్డిస్ చూసి చెప్పింది. కోరీన్ ఇంకా అక్కడే పనిచేస్తోందో లేదో లవోన్ కనుక్కోలేదు.

మే నెలాఖరున సమాధులకి పూలు పెట్టే రోజు, లవోన్ పొద్దున్నే బెర్నీస్ దగ్గరికి జెరేనియం కుండీ పట్టుకెళ్లింది. శ్మశానం గేటు దగ్గర కోరీన్ కారు ఆగి ఉంది. దూరంగా, రాయి పక్కన, మోకాళ్ల మీద కూచుని గడ్డి పీకుతున్న కోరీన్ వీపు కనిపిస్తోంది. లవోన్ ఇంజను ఆపింది. దిగుదామని తలుపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీసేసి, కుండీ ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల లేచి వెళ్లిపోయేదాకా కారులోనే కూచుంది.